ఆకులెత్తే బండి, మూడో గిన్నె

మా ఆయన నోట్లోంచి నాలుగు మంచి మాటలు రావాలంటే ముందు ఏదో ఒక యంత్రం చెడిపోవాలి. జనరేటరు ఆగిపోయిందనుకోండి, దాని పక్కన గొంతుక్కూర్చుని, "ఏమ్మా, ఏమైంది నీకు?" అని పలకరిస్తాడు. నన్ను ఏనాడూ అలా అడిగిన పాపాన పోలేదు. పెళ్ళయిన కొత్తలో నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "వేడెక్కింది, కాసేపు ఆపెయ్" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఏం ఆపాలో నాకు సాయంత్రం దాకా అర్థం కాలేదు.

పేరు భీమశంకరం. మాది తుని దగ్గర. ఆర్మీలో బళ్ళు బాగుచేసే దళంలో హవల్దారుగా చేశాడు. పఠాన్‌కోట్, జబల్‌పూర్ తిరిగి తిరిగి చివరికి ఢిల్లీ కంటోన్మెంట్‌లో తేలాం. తొంభై ఒకటిలో పెన్షన్ తీసుకున్నాక ఊరెళ్ళి గోళ్ళు గిల్లుకోవడం ఎందుకని ఇక్కడే ఉండిపోయాం, మునిర్కాలో రెండు గదుల అద్దె ఇంట్లో. కింద ఇంటివాళ్ళ గేదెలు, పైన యూనివర్సిటీ కుర్రాళ్ళు, మధ్యలో మేం ఇద్దరం. గేదెలు కొంచెం మర్యాదగా ఉండేవి.

ఒకరి వస్తువు ముట్టుకునే రకం కాదు మా ఆయన. రోడ్డు మీద నట్టు దొరికితే, ఏ బండిదో పాపం అని చుట్టూ చూసి, కనపడేలా గోడ మీద పెట్టి వచ్చే మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని దొంగ అన్నారు. అన్నవాడు పరాయివాడైతే నాకు ఇంత మంట ఉండేది కాదు. మా ఇంటి అన్నం తిన్నవాడు అన్నాడు. అందుకని నేను పగ పట్టాను. పట్టానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అంతా విన్నాక ఎవరికైనా తప్పనిపిస్తే వాళ్ళ మంచితనం వాళ్ళ దగ్గరే ఉంచుకోమనండి.

ఆ అన్నవాడి పేరు త్యాగరాజు. పేరు చూడండి, త్యాగమూ ఉంది, రాజూ ఉన్నాడు. మా ఆయనా ఆయనా ఒకే యూనిట్. ఆయన మాకంటే ముందు రిటైరై, మెహ్రోలీ దాటాక సూద్ అనే పెద్దమనిషి ఫామ్‌హౌస్‌లో పచ్చిక చూసుకునే కాంట్రాక్టు పట్టాడు. ఆ పచ్చిక ఎంతుంటుందంటే, ఒక చివర నిలబడి పిలిస్తే రెండో చివర వినపడదు. చలికాలం వస్తే పెళ్ళిళ్ళకి అద్దెకిస్తారు. గడ్డి కొయ్యడానికి సూద్ గారు ఏదో ఎంబసీ వేలంలో చిన్న ఫారిన్ ట్రాక్టరు కొన్నాడు. ఎర్రది, గేదె దూడంత ఉంటుంది, పెట్రోలుతో నడుస్తుంది. దాన్ని నడిపించడం త్యాగరాజు వల్ల కాక, "శంకరం, నువ్వొచ్చెయ్, చెరిసగం" అన్నాడు. ఈయన వెళ్ళాడు. ట్రాక్టరు పెట్టే షెడ్డుకి రెండే తాళంచెవులు. ఒకటి త్యాగరాజు దగ్గర, ఒకటి మా ఆయన దగ్గర.

త్యాగరాజు భార్య ఊళ్ళోనే ఉండేది. వండిపెట్టే దిక్కు లేదు కదా అని నేనే ఆయనకీ పంపేదాన్ని. మా క్యారేజీ నాలుగు గిన్నెలది. కింద అన్నం, దాని మీద పప్పో కూరో, పైన పెరుగు. ఆ మధ్యలో మూడోది త్యాగరాజుది. దానికి మా ఇంట్లో అన్నయ్య గిన్నె అనే పేరు. ఐఎన్ఏ మార్కెట్లో గోంగూర దొరికిన రోజున ముందు ఆ గిన్నె నింపి, మిగిలింది మేం సర్దుకునేవాళ్ళం. "చెల్లెమ్మా, నీ చేతి గోంగూర తింటుంటే మా అమ్మ గుర్తొస్తుంది" అనేవాడు. వాళ్ళమ్మ బతికే ఉంది లెండి, సామర్లకోటలో.

తొంభై మూడు, దసరా వెళ్ళిన వారం. కంటోన్మెంట్‌లో తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం ఉంటే, ఈయన్ని అటునుంచి అటే తీసుకెళ్దామని పట్టుచీర కట్టుకుని మధ్యాహ్నం ఫామ్‌హౌస్ గేటు దగ్గరికి వెళ్ళాను. నన్ను దూరం నుంచి చూసి మా ఆయన సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు. హ్యాండిల్‌కి క్యారేజీ వేలాడుతోంది. ఇంకా ఎవరూ భోజనం చెయ్యలేదు, అది నిండుగానే ఉంది. గేటు కాపలావాడు దశరథ్ అడ్డంగా నిలబడి, "ఖోలో" అన్నాడు.

"క్యా ఖోలూ?" అన్నాడు మా ఆయన.

"డబ్బా. ట్రాక్టర్ కా కార్బురేటర్ గాయబ్ హై. సాబ్ కా హుకుం."

ట్రాక్టరు ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటరు మాయమైందట, క్యారేజీ విప్పి చూపించమంటున్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి దశరథ్ స్టూలు మీద క్యారేజీ పెట్టి గిన్నెలు విడదీసేశాడు. అన్నంలో వేళ్ళు పెట్టి కెలికాడు. పప్పులో పెట్టాడు. మూడో గిన్నె తీసి గోంగూరలో కూడా పెట్టి కెలికి, ఆ వేళ్ళు గేటుకి తుడుచుకున్నాడు. మాలీలు, గిన్నెలు తోమే ఆడవాళ్ళు, టెంటువాళ్ళు అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. వాళ్ళ వెనకాల, మామిడి చెట్టు కింద, చేతులు కట్టుకుని త్యాగరాజు.

"అన్నయ్యా, నువ్వైనా చెప్పవేం?" అని అరిచాను.

ఆయన చెట్టు మీద ఏదో పిట్టని చూస్తున్నట్టు మొహం అటు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడంలోనే నాకు అంతా తెలిసిపోయింది. షెడ్డుకి ఉన్నవి రెండు తాళంచెవులు. మా ఆయన తియ్యలేదు. ఇంకెవరు తీసినట్టు? దశరథ్‌ని ఆ తర్వాత గట్టిగా అడిగితే, సూద్ గారికి మా ఆయన పేరు చెప్పింది త్యాగరాజేనని ఒప్పుకున్నాడు.

మా ఆయన గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కొక్కెం బిగించి, "వ్రతానికి టైమవుతోంది, పద" అన్నాడు. వ్రతంలో కూర్చున్నానే గానీ కథ ఒక్క ముక్క వింటే ఒట్టు. పట్టుచీరలో కూర్చుని త్యాగరాజు కళ్ళు పోవాలని మొక్కుకున్నాను. స్వామి ఆ పూట పట్టించుకోలేదు.

పని పోయింది. పని పోతే పోయింది, ఇంకోటి దొరికింది, మునిర్కా మెయిన్ రోడ్డు మీద జనరేటర్లు బాగుచేసే షాపులో. ఢిల్లీలో కరెంటు పోయినంత కాలం ఆయనకి పనికి లోటు లేదు. కానీ క్యారేజీ మాత్రం పట్టుకెళ్ళడం మానేశాడు. కట్టిస్తానంటే, "వద్దు, అక్కడ ఛోలే కుల్చే బాగుంటుంది" అనేవాడు. ఆ ఛోలే శనగలు తింటే ఆయనకి పడదు, రాత్రంతా వాము నమలాలి. అయినా సరే. నేను క్యారేజీ తోమి, ఆరబెట్టి, బీరువా మీద పెట్టాను. తుడిచినప్పుడల్లా దశరథ్ వేళ్ళు కనపడేవి, వాటి వెనకాల ఆ తిప్పుకున్న మొహం కనపడేది. ఆ గేటు దగ్గరే, ఆ జనం ముందే, మా ఆయన దొంగ కాదని త్యాగరాజు నోటితో చెప్పించాలి. నాకు కావలసింది అంతే. దానికోసం దేవుడి దగ్గర దీపం పెట్టి రోజూ ఆయన్ని పేరుపెట్టి తిట్టేదాన్ని.

మరుసటి ఏడు దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం ఏదో జనరేటరు సామాను కోసం ఈయన మాయాపురి పాత ఇనప బజారుకి వెళ్తుంటే, బీరువాకి చక్రాలు దొరుకుతాయేమోనని నేనూ వెళ్ళాను. ఒక సర్దార్జీ కొట్లో, పాత షట్టర్ల గుట్ట వెనకాల ఈయన ఆగిపోయాడు. ఆగి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఏమ్మా, ఎవరు పడేశారు నిన్ను ఇక్కడ?" అంటున్నాడు. ఎవరితోనా అని తొంగి చూశాను.

రెండు ఇనప చక్రాలు. వాటి మధ్య అడ్డంగా తుప్పుపట్టిన గొట్టంలాంటి డొప్ప, దాని లోపల వెంట్రుకలు రాలిపోయిన పెద్ద బ్రష్షు. వెనకాల చిరిగిన గుడ్డతొట్టి, అందులో సర్దార్జీ పాత చెప్పులు. ముందు పొడుగ్గా ఒక కొక్కెం కాడ.

"ఏంటండీ ఇది?"

"ఆకులెత్తే బండి," అన్నాడు. "ట్రాక్టరు వెనకాల తగిలిస్తారు. చక్రాలు తిరుగుతుంటే వాటితో పాటు బ్రష్షు తిరిగి, గడ్డి మీద ఆకులన్నీ ఎగరేసి తొట్టిలో పోస్తుంది. గడ్డి పీకదు. కంటోన్మెంట్ గోల్ఫ్ గ్రౌండులో ఒకటుండేది, నేనే గ్రీజు పెట్టేవాణ్ణి. ఇది ఏ ఎంబసీ వాళ్ళదో, ముప్ఫై ఏళ్ళ పైమాటే ఉంటుంది." కాడ చివర కొక్కేన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. "సూద్ గారి ట్రాక్టరుకి సరిగ్గా సరిపోతుంది."

ఏడాదిగా ఆయన నోట సూద్ అన్న మాట రాలేదు. ఆ ఫామ్‌హౌస్‌లో ఎన్ని వేపచెట్లున్నాయో, ఎన్ని రావిచెట్లున్నాయో నాకు తెలుసు. మన వైపు సంగతి వేరు, ఢిల్లీలో చెట్లు చలి పోయే వేళకి ఆకు దులుపుతాయి. సరిగ్గా అప్పుడే అక్కడ ఫంక్షన్లు. పదిమంది ఆడవాళ్ళు వెదురు చీపుళ్ళతో పొద్దున్నుంచీ ఊడ్చినా, వెనక్కి తిరిగేసరికి మళ్ళీ పసుప్పచ్చగా పరుచుకుంటుంది. పైగా ఆ చీపుళ్ళకి లేత గడ్డి వేళ్ళతో ఊడొస్తుంది. త్యాగరాజు ఏటా ఆ నెలరోజులూ సూద్ గారితో తిట్లు తింటాడు.

"కొనండి," అన్నాను.

"ఎందుకు? మనకి ట్రాక్టరేదీ?"

"ట్రాక్టరున్నవాడు వాడే వస్తాడు. మీరు కొనండి."

ఆయన నా మొహంలోకి చూసి ఏం కనిపెట్టాడో గానీ ఇంకేం అడగలేదు. సర్దార్జీకి అదేమిటో కూడా తెలియదు, పీచుమిఠాయి మిషనేమో అనుకుంటున్నాడట. ఆయన జనరేటరు మొరాయించి మూలన పడుంది. దాన్ని మా ఆయన ఆ మధ్యాహ్నమంతా కూర్చుని బాగుచేశాడు. బదులుగా బండి మాదైంది. సర్దార్జీ తన చెప్పులు తీసుకుని, మాకు టీ ఇప్పించి, టెంపో కూడా పిలిచాడు.

మేడ మీద చలికాలమంతా దానితోనే కాపురం. రోజూ షాపు నుంచి వచ్చి మా ఆయన దాని దగ్గరికే పోయేవాడు. కిరసనాయిలు పోసి నానబెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం, బిగుసుకుపోయిన బోల్టుల్ని బుజ్జగించడం. "నీకంత తొందరేం లేదులే, రేపు చూద్దాం" అని బోల్టుకి చెప్పి కిందికొచ్చేవాడు. వెంట్రుకలు ఊడిన బ్రష్షుని సదర్ బజార్‌లో బ్రష్షులు కట్టేవాళ్ళ దగ్గరికి మోసుకెళ్ళి గట్టి నైలాన్‌తో కొత్తగా కట్టించాడు. తొట్టికి పాత మిలిటరీ టెంటు గుడ్డ తెచ్చాడు. నా కుట్టుమిషను మీద పెడితే సూదులు పుటుక్కున విరిగాయి. చివరికి సందు చివర చెప్పులు కుట్టేవాడి దగ్గర సూది అడిగి తెచ్చి, మైనం పూసిన దారంతో చేత్తోనే కుట్టాను. కుట్టుకొకసారి త్యాగరాజు పేరు తలుచుకున్నాను. అందుకే ఆ కుట్లు అంత గట్టిగా పడ్డాయని నా నమ్మకం.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. సైకిల్ తొక్కినవాళ్ళందరికీ తెలిసిందే ఇది. ముందుకి తొక్కితే చక్రం తిరుగుతుంది, వెనక్కి తొక్కితే టకటకమని ఊరికే పోతుంది. లోపల చిన్న ఇనప బిళ్ళలు ఉండి ఒకవైపు పట్టుకుంటాయి, రెండోవైపు వదిలేస్తాయి. వర్క్‌షాపుల్లో వాటిని కుత్తా అంటారు. ఈ బండికీ అంతే. ఒక్కో చక్రంలో ఒక్కో బిళ్ళ. బండి ముందుకెళ్తే అది పట్టుకుని బ్రష్షుని తిప్పుతుంది, వెనక్కి వస్తే వదిలేస్తుంది.

బండి తయారై పార్కుకి తీసుకెళ్ళి, చెరో పక్కా పట్టుకుని లాగితే బ్రష్షు కదలదే! చక్రాలు తిరుగుతున్నాయి, బ్రష్షు మొద్దులా ఉంది. మా ఆయన మొహం వాడిపోయింది. విసుగొచ్చి నేను వెనక్కి ఒక్క తోపు తోశాను. అంతే, బ్రష్షు గిర్రున తిరిగి ఆకులూ దుమ్మూ అన్నీ తెచ్చి ఎదురుగా కాడ పట్టుకు నిలబడ్డ ఈయన మొహాన కొట్టింది.

నేను పడీపడీ నవ్వాను. ఆయన మీసాల్లోంచి వేపాకు తీసుకుంటూ, తానూ నవ్వాడు. ఏడాది దాటింది ఆయన నవ్వి. తర్వాత చెప్పాడు, ఏం పొరపాటు జరిగిందో. ఆర్మీలో కుడి ఎడమలు ఎప్పుడూ డ్రైవరు సీట్లోంచి చూసి చెప్పాలట. ఆ అలవాటుకొద్దీ ముందుకి మొహం పెట్టుకుని కూర్చుని చక్రాల మీద కుడి, ఎడమ అని సుద్దతో రాసుకున్నాడు. కానీ అప్పుడు బండి వెల్లకిలా పడుకుని ఉంది. తిరగేసి నిలబెట్టేసరికి కుడి ఎడమైంది, బిళ్ళలు ఎదురు తిరిగాయి. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు చేసినవాడే చెయ్యగల తప్పు అది. అక్కడే గడ్డి మీద కూర్చుని చక్రాలు ఊడదీసి బిళ్ళలు తిరగేశాడు. రెండో చక్రానిది నేనే తిరగేశాను. పిన్ను లాగడం, చక్రం తియ్యడం, బిళ్ళ తిప్పి పెట్టడం. పచ్చడి జాడీ మూత తియ్యడం కంటే సులువు.

ఆ తర్వాత బండి పరుగో పరుగు. నోయిడాలో ఒక సొసైటీ పార్కుకి నీళ్ళ ట్యాంకరు లాగే చిన్న ట్రాక్టరు ఉంటే, దాని వెనకాల తగిలించి ఆదివారాలు ఊడ్చిపెట్టేవాడు. చూడ్డానికి జనం వచ్చేవారు. మాట ఆ నోటా ఈ నోటా పడి మెహ్రోలీ దాకా పోయింది. పోవాలనే కదా నేను కూర్చుంది.

తొంభై అయిదు మార్చి, హోలీకి ముందు. తలుపు చప్పుడైతే తీశాను. త్యాగరాజు. చేతిలో అరటిపళ్ళు.

"చెల్లెమ్మా, బాగున్నావా?"

"నేను బాగానే ఉన్నాను. అరటిపళ్ళు కింద గేదెలకి పెట్టి రా, తర్వాత మాట్లాడుకుందాం."

నిజంగానే పెట్టొచ్చాడు. అంత అవసరంలో ఉన్నాడన్నమాట. సూద్ గారి తల్లిదండ్రుల పెళ్ళయి యాభై ఏళ్ళట, ఎల్లుండి మధ్యాహ్నం పచ్చిక మీద విందు. ఆకు కుప్పలు కుప్పలుగా రాలుతోంది. ఈసారి పచ్చిక శుభ్రంగా లేకపోతే కాంట్రాక్టు పీకేస్తానని సూద్ గారు అన్నాడట. బండి ఒక్క రోజుకి ఇమ్మని మా ఆయన చేతులు పట్టుకున్నాడు.

మా ఆయన "తీసుకెళ్ళు" అన్నాడు.

"ఆగండి," అన్నాను. "ఊరికే ఎలా తీసుకెళ్తాడు? అన్నయ్యా, ఆ రోజు ఆ గేటు దగ్గర ఏం జరిగిందో నీకు తెలుసు. అదే గేటు దగ్గర, సూద్ గారు వింటుండగా, ఈయన దొంగ కాదని నువ్వు చెప్పాలి. చెప్పాకే బండి కదులుతుంది."

"అయ్యో, దానికేముంది చెల్లెమ్మా! తప్పకుండా చెప్తాను. నా మీద ఒట్టు. రేపు టెంపో పంపిస్తాను, బండి ఎక్కించండి, ట్రాక్టరుకి తగిలించి పెట్టుకుంటాను. ఎల్లుండి పొద్దున్నే నేనే కారేసుకొచ్చి మీ ఇద్దర్నీ తీసుకెళ్తాను. అందరి ముందూ చెప్తాను." తలమీద చెయ్యి పెట్టుకుని మరీ ఒట్టేశాడు. ఆ కళ్ళు మాత్రం మా గోడ మీద క్యాలెండరు చూస్తున్నాయి, అప్పుడు చెట్టు మీద పిట్టని చూసినట్టే.

ఒట్టు నమ్మడానికి నేనేం పిచ్చిదాన్నా? మర్నాడు మా ఆయన షాపుకెళ్ళాడు. టెంపో వచ్చేలోపు నేను పటకారు పట్టుకుని మేడ ఎక్కాను. పిన్ను లాగాను, చక్రం తీశాను, బిళ్ళ తిరగేశాను. రెండో చక్రం కూడా. చేతులకి గ్రీజు, మనసుకి హాయి. మాట నిలబెట్టుకుని కారేసుకొస్తే నేనే తిప్పి పెడతాను, అందుకు మూడు నిమిషాలు పట్టదు. రాకపోతే, వాడి ఖర్మ.

విందు రోజు తెల్లారగానే బీరువా మీంచి క్యారేజీ దించి, చింతపండేసి తోమాను. అన్నం వండాను. ముందురోజు ఐఎన్ఏ దాకా వెళ్ళి తెచ్చిన గోంగూరతో పప్పు చేశాను. పెరుగు తోడుంది. కింద అన్నం, రెండో దాంట్లో పప్పు, పైన పెరుగు సర్దాను. మా ఆయన చూసి ఆగిపోయాడు.

"అదెందుకు?"

"నాకు మధ్యలో ఆకలేస్తుంది," అన్నాను.

ఎనిమిదైంది, తొమ్మిదైంది. త్యాగరాజు లేడు, కారు లేదు. "మర్చిపోయుంటాడు" అని మా ఆయన బనీను మీద చొక్కా విప్పబోయాడు. "విప్పకండి, ఇప్పుడే వస్తుంది" అన్నాను. అన్నట్టే కాసేపటికి సందులో హారన్ మోగింది. సూద్ గారి డ్రైవరు పరుగున మెట్లెక్కి, "మిస్త్రీజీ, జల్దీ! సాబ్ నే బులాయా హై, మషీన్ నహీ చల్ రహీ" అన్నాడు. బండి పనిచెయ్యడం లేదట, సూద్ గారు వెంటనే రమ్మన్నాడట.

గేటు దగ్గర దశరథ్ కారుని చూసి రెండు తలుపులూ బార్లా తీశాడు. "గాడీ రోకో," అన్నాను. దిగి, క్యారేజీ తీసుకెళ్ళి ఆ స్టూలు మీదే పెట్టాను. అదే స్టూలు, కాలు విరిగితే తీగ చుట్టారు, అంతే తేడా.

"ఖోలో," అన్నాను దశరథ్‌తో.

"అరే ఆంటీజీ, ఆప్ అందర్ జాయియే, సాబ్ పరేషాన్ హై..." సూద్ గారు కంగారుపడుతున్నాడు, లోపలికి వెళ్ళమని వాడి గొడవ.

"నహీ. చోర్ ఆయా హై. పహ్లే డబ్బా దేఖో." దొంగొచ్చాడు, ముందు డబ్బా చూడమన్నాను.

మా ఆయన వెనకనుంచి, "పూర్ణా, పద" అన్నాడు. "మీరు ఊరుకోండి. మీరు ఊరుకున్నది చాలు," అన్నాను. ఊరుకోమంటున్నానో వద్దంటున్నానో తెలియని మాట అది, అయినా ఆయనకి అర్థమైంది.

లోపల పచ్చిక పచ్చిక లాగే లేదు, పసుపు ఆరబోసినట్టుంది. తెల్ల కుర్చీలు వేసేశారు, టేబుళ్ళ మీద కూడా ఆకులే. మధ్యలో ఎర్ర ట్రాక్టరు, దాని వెనకాల మా బండి. త్యాగరాజు ముందుకి నడిపితే బ్రష్షు తిరగలేదు. వెనక్కి నడిపితే ఊడ్చిన కుప్పలన్నీ లేచి వచ్చి ఆయన వీపున పడ్డాయి. జుట్టునిండా, కాలరునిండా ఆకులే. నా కళ్ళు చల్లబడ్డాయి, కానీ కడుపు ఇంకా నిండలేదు. సూద్ గారు సిల్కు కుర్తాలో గేటు దగ్గరికి గబగబా వచ్చాడు.

"క్యా హో రహా హై యహాఁ?"

నా హిందీ అందం నాకు తెలుసు. ఆడా మగా తేడా లేకుండా మాట్లాడతాను. ఆ రోజు మాత్రం ఎక్కడా తడబడలేదు. "సాబ్, ఈ గేటు దగ్గరే మా ఆయన అన్నంలో వేళ్ళు పెట్టించారు. దొంగ అని పంపించారు. దొంగని మళ్ళీ ఇంట్లోకి ఎందుకు పిలిచారు? తప్పు చెప్పినవాణ్ణి ఇక్కడికి రమ్మనండి. వాడు ఇక్కడ నిలబడి నిజం చెప్తే మా ఆయన లోపలికొస్తాడు. లేకపోతే ఇదే కారులో వెనక్కి పోతాం. చుట్టాలొచ్చే టైమైంది, మీ ఇష్టం."

సూద్ గారు త్యాగరాజుని కేక వేశాడు. మాలీలు పని ఆపి వచ్చారు. గిన్నెలు తోమే ఆడవాళ్ళు కూడా వచ్చారు. నాకు కావలసిన జనమే, ఒక్కరు కూడా తగ్గలేదు.

"చెల్లెమ్మా," అన్నాడు త్యాగరాజు తెలుగులో, గొంతు తగ్గించి. "ఇంటి విషయాలు ఇంట్లో మాట్లాడుకుందాం. నీకు దణ్ణం పెడతాను."

"హిందీలో చెప్పు అన్నయ్యా. సాబ్‌కి అర్థం కావాలి కదా."

సూద్ గారు వాచీ చూసుకుని, "బోలో భాయ్!" అని కసిరాడు.

"సాబ్... శంకర్ నే నహీ లియా థా." శంకరం తియ్యలేదని ఒప్పుకున్నాడు.

"తుమ్హే కైసే పతా?" అన్నాడు సూద్ గారు.

అంతే. నీకెలా తెలుసు అంటే ఏం చెప్తాడు? షెడ్డుకి రెండే తాళంచెవులని సూద్ గారికీ తెలుసు. త్యాగరాజు చెట్టు వైపు చూశాడు, ఈసారి పిట్ట కూడా సాయం చెయ్యలేదు. తల దించుకున్నాడు. వెనకాల ఎవరో మాలీ, ఓహో, దొంగ ఇతనేనా అన్నట్టు "అచ్ఛా, తో యే థా!" అన్నాడు. ఆ మాట అందరికీ వినపడింది. దశరథ్ తప్పయిందన్నట్టు తన రెండు చెవులూ పట్టుకున్నాడు. సూద్ గారు మా ఆయన దగ్గరికొచ్చి, "భీమ్‌శంకర్ జీ, మాఫ్ కర్నా" అన్నాడు. తర్వాత త్యాగరాజు వైపు తిరగకుండానే, "చాబీ దశరథ్ కో దో, ఔర్ జావో" అన్నాడు, తాళంచెవి అప్పగించి పొమ్మని.

మా ఆయన తిన్నగా బండి దగ్గరికి వెళ్ళి చక్రం ఊడదీశాడు. బిళ్ళని చూశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని తలెత్తి నన్ను చూశాడు. దాని సంగతి తెలిసినవాళ్ళం ఢిల్లీ మొత్తానికి మేం ఇద్దరమే.

"ఇది దానంతటది తిరగదు," అన్నాడు.

"తిరగదు," అన్నాను.

"మనుషుల మీద కోపముంటే మనుషుల్ని తిట్టు. దీన్నెందుకు మధ్యలోకి లాగావు? ఇదేం చేసింది నీకు?"

దొంగ అన్నప్పుడు రాని కోపం ఆయనకి అప్పుడొచ్చింది. నిజంగా మొహం ఎర్రబడింది. అంత సంతోషంలో ఒక తిట్టు తినడం పెద్ద కష్టమేం కాదు.

బిళ్ళలు సరిచేసి ట్రాక్టరెక్కాడు. బ్రష్షు తిరిగింది. ఆకులు ముందు వరసగా లేచి, నేను కుట్టిన తొట్టిలోకి జలజలా పడ్డాయి. బండి వెళ్ళినమేర వెనకాల పచ్చటి బాట తేలుతోంది. కుర్చీల మధ్యనుంచీ, టెంటు తాళ్ళ పక్కనుంచీ తిప్పి తిప్పి నడిపాడు. తొట్టి నిండినప్పుడల్లా మాలీలు పరుగెత్తుకొచ్చి గోతిలో పోశారు. మొదటి కారు హారన్ కొట్టేసరికి పచ్చిక కడిగినట్టుంది. సూద్ గారు మా ఆయన భుజం తట్టి, "లోపల భోజనం చేసి వెళ్ళండి" అన్నాడు.

"ఖానా లాయే హై, సాబ్," అన్నాడు మా ఆయన, భోజనం తెచ్చుకున్నామని.

ఆ మాట విని నేను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఆయన పైపు దగ్గర చేతులు కడుక్కుని, తిన్నగా గేటు దగ్గరికొచ్చి, దశరథ్ స్టూలు మీద కూర్చున్నాడు. "పూర్ణా, పెట్టు" అన్నాడు. వచ్చే కార్లు వస్తున్నాయి, దిగేవాళ్ళు దిగుతున్నారు. గట్టు మీద క్యారేజీ పెట్టి గిన్నెలు విడదీశాను. మూతలో అన్నం పెట్టి, పప్పు వేశాను. ఆయన కలుపుకుని పెద్ద పెద్ద ముద్దలు తింటున్నాడు.

అప్పుడే త్యాగరాజు సంచీ భుజాన వేసుకుని బయటికి వస్తున్నాడు. దశరథ్ కర్రతో ఆపి సంచీ తెరిపించి చూసి, పొమ్మన్నాడు. గోంగూర వాసనకో, మరెందుకో, మా దగ్గరికొచ్చి ఆయన కాళ్ళు ఆగిపోయాయి. పొద్దున్నుంచి ఏమీ తినలేదని మొహమే చెప్తోంది.

"చెల్లెమ్మా..." అన్నాడు.

నేను మూడో గిన్నె తీసి ఆయన కళ్ళ ముందు పెట్టాను. తళతళలాడుతోంది, మెతుకు కూడా లేదు.

"చూసుకో అన్నయ్యా. నమ్మకం లేకపోతే వేళ్ళు పెట్టి చూసుకో."

ఆయన ఆ గిన్నెలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు. మా ఆయన తలెత్తి ఒకసారి ఆయన్ని చూసి, ఖాళీ అయిన మూత నా వైపు చాపి, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు.